వెనక్కి చూసే మనిషి

ఆ ఆదివారం పటమటలోని ఇంట్లో ఉన్నది నలుగురు: పడవ నడిపే హబీబ్ మామూ, ఆయన భార్య షాహీదా, వాళ్లబ్బాయి తారిక్, సెలవులకు ఉయ్యూరు నుంచి వచ్చిన మేనకోడలు అఫ్సా.

బ్యారేజీకి ఎగువన నిండుగా ఉన్న కృష్ణలో, కాళ్లకు పలకలు కట్టుకుని, పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారడం తారిక్ ఆ రోజే మొదలుపెట్టాలి. అయితే పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, జారేవాణ్నే చూస్తూ ఉండే మనిషి లేనిదే మామూ ఇంజను వేయడు. ఎప్పుడూ ఆ పని చేసే అతనికి జ్వరం.

"అఫ్సా వస్తుందిలే," అన్నాడు మామూ.

"ఇదా? దీనికి ఆటోని కేకేసి ఆపడం కూడా రాదు. నేను పడితే అరుస్తుందా?" తారిక్ నవ్వాడు.

"ఇంజను మోతలో అరుపెవడికి వినపడుద్దిరా? వాడు పడగానే చెయ్యెత్తమ్మా, చాలు. నేను పడవ తిప్పేస్తా."

అఫ్సా కళ్ల ముందు నది పరుచుకుంది. పడవ వెనక వెండిలా విచ్చుకునే నీటి చాలు, దాని చివర నారింజరంగు జాకెట్‌తో తేలే తల, ఒక్క మాటా ఆడనక్కర్లేని మధ్యాహ్నం. నిద్రలో నడిచినట్టు గడప దాటింది. ఎండ మొహాన తగలగానే భయమేసి మళ్లీ లోపలికి రాబోయింది.

"ఎక్కడికే? పో, పోయి మావాణ్ని చూసుకో," అని నవ్వుతూ షాహీదా తలుపు మూసేసింది.