ఆదివారం వెలగని పొయ్యి

యుద్ధం రోజులు. విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలని సర్కారు తొందరపెడుతుండేది. కుప్పం పల్లెల్లో పట్టుగూళ్లు, పుంగనూరులో వాటికి ఆవిరి, మదనపల్లె షెడ్డులో దారం. ఒక ఊళ్లో పని ఆగితే మిగతా రెండూళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

పుంగనూరు ఆవిరి పొయ్యి జీవానందానిది. గూట్లోని పురుగుకు రెక్కలు రాకముందే ఆవిరితో చంపాలి. అది గూడు తొలుచుకుని బయటపడిందా, దారం ముక్కలైపోయినట్టే.

మదనపల్లె షెడ్డులో దారం తీసే నలభై మంది ఆడవాళ్లలో అతని కూతురు సువర్ణ కూడా ఉంది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే సాకుతోంది. రెండు వారాలుగా సరుకు లేదు. ఈసారీ సరుకు అందకపోతే షెడ్డు మూసేస్తానని యజమాని తేల్చి చెప్పేశాడు.

వాగు పొంగి ఆలస్యమైన కుప్పం బండి ఆదివారం పొద్దున చేరింది. జీవానందం తెల్లపంచె కట్టుకుని చర్చికి బయలుదేరుతున్నాడు.

"గూళ్లు అల్లి పది దినాలాయప్పా. ఇప్పుడే పొయ్యి ముట్టించు" అన్నాడు బండి తోలే రామప్ప.

"ఆదివారం ముట్టించను రామప్పా. మా ఇంట్లో వంటగూడా నిన్ననే చేసి పెట్టుకుండాము."

"పురుగు నీ ఆదివారం సూస్తాదా? యాల ఇంత పట్టు? పోనీ, నువ్వు పో. నేను ముట్టిస్తా."

"నా పొయ్యి ఎవురు ముట్టించినా ఆ పాపం నాదే."

ముప్పై ఏళ్ల నియమం. దాన్ని ఊరు మెచ్చుకుంటుంది, ఆ మెప్పు అతనికి ఇష్టం. మొండి మనిషికి భక్తి తోడైతే ఇక చెప్పేవాళ్లెవరు! గంపలు లోపల పెట్టించి, తాళంచెవి మొలలో దోపుకుని వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లారుతూనే తలుపు తీశాడు. గంపల నిండా తెల్లటి పురుగులు తడి రెక్కలు ఆడిస్తున్నాయి. కొన్నింటికైనా దారం వస్తుందేమోనని జీవానందం అవే గంపలు బండికెత్తించి సాయంత్రానికి మదనపల్లె చేరాడు. షెడ్డులో అప్పటికే నీళ్లు మరుగుతున్నాయి.

సువర్ణ ఒక గూడు నీళ్లలో వేసి కొస పట్టుకుంది. జానెడు వచ్చి తెగింది. ఇంకొకటి వేసింది. అదీ తెగింది. యజమాని తాళంకప్ప తెమ్మన్నాడు.

"బండి పుంగనూరికి ఎప్పుడొచ్చె నాయనా?"

"నిన్న పొద్దున. ఆదివారం గదమ్మా..."

సువర్ణ తండ్రి మొహంలోకి చూడలేదు. తెగిన పోగు వేలికి చుట్టుకుంది.

"నిన్న చర్చిలో మేమందరం బండి రావాలనే మోకరించి ప్రార్థన చేసినాం నాయనా" అంది. "అప్పటికే వచ్చేసుండాది."