చుక్కకు పట్టిన మసి

మేడ మీది గదిలో చలమయ్య టెలిస్కోపు అద్దం తుడుస్తున్నాడు. ముందు బ్రష్షుతో దుమ్ము దులిపి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి మెత్తటి గుడ్డతో. పొడుగ్గా ఎండిపోయిన మనిషి. గోళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకీ లొంగదు. పోర్టు బొగ్గు మసి ఈ ఊళ్లో దేన్ని వదిలింది గనక! ఆరేసిన బట్టలు, అన్నం గిన్నెలు, ఆఖరికి పసిపిల్లల చెవులు. ముప్పైయొక్క ఏళ్లుగా ఈ కాలేజీలో దాన్ని తుడవడమే ఆయన ఉద్యోగం.

ఫిజిక్స్ లెక్చరర్ అనూరాధ విసురుగా వచ్చి, రాత్రి తీసిన ఫోటో ఆయన ముందు పెట్టింది. మూడేళ్లుగా ఆమె కనిపెట్టి చూస్తున్న ఎర్రటి ముసలి నక్షత్రం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఇదేనా తుడవడం? మూడేళ్ల కష్టం మట్టిగొట్టుకుపోయింది. రేపు ప్రిన్సిపాల్‌గారికి నేనేం చెప్పుకోను?"

ఆమె వెంట వచ్చిన విద్యార్థులంతా చూస్తున్నారు.

"నాను తుడిసానమ్మా. రెండుసార్లు తుడిసాను."

"తుడిస్తే చుక్క ఎక్కడికి పోయిందయ్యా?"

"మసే ఉంటాది తల్లీ. కళ్లు ఆనట్లేదు," అని గొణిగి మళ్లీ గుడ్డ తీసుకున్నాడు. శుక్రవారం ఆయన రిటైర్మెంటు. ఒక్క మాట పడకుండా వెళ్లిపోవాలని నెల రోజులుగా అందరితోనూ చెప్పుకుంటున్నాడు, పాపం.

మధ్యాహ్నం అనూరాధ అన్నం తింటుండగా హైదరాబాదు నుంచి అనిరుధ్ ఫోన్ చేశాడు. అతనూ అదే నక్షత్రాన్ని చూస్తుంటాడు.

"మేడమ్, మీకూ కనపడలేదా? మసి కక్కేసింది!"

ముసలి నక్షత్రాలు కొన్నిటిలో లోపలి కార్బన్ పైకి తేలి, వాయువుతో పాటు బయటికి పోతుంది. చల్లారి మసిగా మారి, ఆ చుక్కనే కప్పేస్తుంది. నెలలు గడిస్తే గాని ఆ మసి చెదరదు. ఏటా ఆమె చెప్పే పాఠమే ఇది. దాని కోసమే కదా మూడేళ్లు కాచుకుంది!

ఫోటో మళ్లీ చూసింది. పక్కనున్న చుక్కలన్నీ తేటగా ఉన్నాయి. అద్దానికి మసి పడితే అన్నీ మసకబారాలి గాని, ఒక్కటే మాయమవుతుందా? అయ్యో, ఇంత చదివీ ఈపాటిది తట్టలేదే! ఈ ఊళ్లో ఏది మాసినా ముందు పోర్టునీ, తర్వాత చలమయ్యనీ అనడం అలవాటైపోయింది.

ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే మెట్లెక్కింది. పదిమందిలో అన్నది పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి.

చలమయ్య స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉన్నాడు. "చలమయ్యగారూ, మీ తప్పు కాదు. ఆ చుక్కే మసి కక్కింది," అంది రొప్పుతూ. పలకలేదు. భుజం తట్టింది. ఆయన చెయ్యి జారి ఒళ్లో పడింది.

వెనకే వచ్చిన వాచ్‌మన్ రహమాన్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"అయిపోనాది మేడమ్. పొద్దుట్నుంచీ గుండెల్లో నొప్పంటన్నాడు. ఆస్పత్రికెల్లు బావా అంటే, అద్దం తుడిసేసి ఎల్తానన్నాడు."

చలమయ్య చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి ఆమెకిచ్చాడు. ప్రిన్సిపాల్‌గారికి రాసిన చీటీ. "సుక్క కనపడకపోడానికి కారనం నాను. అమ్మగారి తప్పు ఏటీ లేదు. చలమయ్య, అటెండరు." చేతులు కడుక్కుని రాసినట్టున్నాడు, తెల్ల కాగితం మీద ఎక్కడా ఒక్క మరక లేదు.