మాస్టారు అనని మాట

"ఎవర్నడిగి రాశావమ్మా నా పేరు?" అంటున్నారు ఆశీర్వాదం మాస్టారు, నేనేమో ఆయన పోయి ఎనిమిది నెలలైందని గుర్తున్నా అదేమంత పెద్ద విషయంగా తోచక, మా యూనివర్సిటీ సెమినార్ హాల్లోంచి గుంటూరు సమాధుల తోటలోకి ఆయన వెనకాలే నడుస్తున్నాను, మధ్యలో తలుపూ లేదు గోడా లేదు, బెంచీల వరస అయిపోగానే శిలువల వరస మొదలవుతోంది.

"ఏ పేరు మాస్టారూ?" అంటాను, ఏమీ ఎరగనట్టు.

"నంగనాచి కబుర్లు చెప్పకు సువార్తా. నాలుగో అధ్యాయం, పావురం పిల్ల."

దొరికిపోయాను. యూదుల తొలినాటి మతగురువులైన రబ్బీల ధర్మశాస్త్రం మీద నా థీసిస్, ఆయనే నా గైడు. గూటికి యాభై మూరల లోపు దొరికిన పావురం పిల్ల గూటి యజమానిది, అది దాటితే దొరికినవాడిది అని ఆ రబ్బీల తీర్పు. ఆ కొలత వాళ్లు కనిపెట్టింది కాదు, పావురాలు పెంచేవాళ్ల వాడుకే అని నాకు అనిపించింది. రుజువు చూపించమంటే నా దగ్గర గుండుసున్నా. ఎల్లుండి థీసిస్ ఇచ్చెయ్యాలి. అందుకని "ఇది ఆశీర్వాదం గారు స్వయంగా నాతో అన్నమాట" అని రాసి పారేశాను. పోయినవాళ్లని ఎవరు పిలిచి అడుగుతారు?

"చనిపోయినవాడి పేరు మీద ఒక మాట చెబితే సమాధిలో వాడి పెదవులు కదులుతాయని ఆ రబ్బీలే అన్నారు, నేనే నీకు పాఠం చెప్పాను! నువ్వు ఆ పేజీ చదివినప్పుడల్లా నేనిక్కడ 'పావురాలవాళ్ల వాడుకే, పావురాలవాళ్ల వాడుకే' అని గొణుగుతున్నాను. నా జన్మలో అనని మాట!"

పక్క సమాధిలోంచి రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ రత్నాబాయమ్మ గారు మోచేతుల మీద లేచి, "పునరుత్థానం దాకా కాస్త ప్రశాంతంగా పడుకుందామంటే ఈయనగారి పావురాల గోల ఒకటి!" అని విసుక్కుంటున్నారు, చూస్తూండగానే సమాధులన్నీ పావురాల గూళ్లవుతున్నాయి, మాస్టారు ప్యాంటు పైకి మడిచి నేల మీద మూరలు కొలుస్తున్నారు, నలభై తొమ్మిది దగ్గర లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారు.

"మీరు లేకుండా ఆ థీసిస్ పరీక్షించే కమిటీ ముందు ఒక్కదాన్నే కూర్చోవాలి మాస్టారూ," అంటాను, ఏడుపొచ్చేస్తోంది నాకు. "మీ పేరుంటే మీరు పక్కనున్నట్టుంటుందని..."

కొలవడం ఆపేస్తారు. "పిచ్చి మొహమా, వాదంలో ఓడిపోయిన రబ్బీ మాట కూడా పేరుతో సహా రాసి ఉంచారే, ఎందుకనుకున్నావు? ఓడినా ఆ మాటకి ఒక మనిషి ఉండాలని. నీ మాటకి నువ్వుండు."

"పోనీ, అది తప్పో ఒప్పో అయినా చెప్పండి."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచి, "పావురాలవాళ్ల వాడుకే," అంటారు, వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంటారు. వేళ్ల సందుల్లోంచి అరుస్తున్నారు, "చూశావా! ముందు నా పేరు తీసెయ్, తర్వాత మాట్లాడతా!"

"మేడమ్! మేడమ్!"

లైబ్రరీ. పట్టపగలు. లైబ్రేరియన్ విక్టోరియా గారు నా భుజం తడుతున్నారు. "లంచ్ టైమ్ కూడా అయిపోయింది. అరగంట నుంచీ ఒకటే పెదవులు కదుపుతున్నారు, ప్రార్థనేమోనని లేపలేదు."

పెదవులు తడిమి చూసుకుంటాను, ఇంకా ఆగలేదు. లాప్‌టాప్ తెరిచి ఆ వాక్యం కొట్టేసి, "ఇది నా ఊహ" అని రాస్తాను. ఆ వాక్యం ఒంటరిగా, దిక్కులేనిదానిలా ఉంది. దాని కింద ఫుట్‌నోట్‌లో, బతికినన్నాళ్లూ నా ప్రతి పేజీ మీదా ఆయన ఎర్ర సిరాతో రాసిన మాట, ఈసారి నిజంగా ఆయనదే, చేరుస్తాను: "ఆధారమేదీ? - ఆశీర్వాదం."