కంచె లోపల జయపాల్

ఆ ఆటను మెచ్చుకున్నవాళ్ళు లోకం మొత్తం మీద ఇద్దరే అంటాడు వసంతకుమార్. ఒకడు తను, రెండోవాడు బావ జయపాల్. డిస్కు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుండేది కానీ వీళ్ళు దాన్ని కంచె ఆట అనేవాళ్ళు. చచ్చినవాళ్ళు లేచి ఊళ్ళ మీద పడతారు. మిగిలిన పిడికెడు మంది కంచె కట్టుకుని లోపల బతకాలి. బొమ్మలు బాగుండవని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచేసరికి ప్రాణం విసుగెత్తుతుందని ఆడినవాళ్ళంతా తిట్టిపోశారు. చివరికి చేసిన కంపెనీ కూడా దాన్ని గాలికొదిలేసింది. ఆ సంగతి ఎత్తితే వసంతకుమార్‌కు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కనిపించినవాణ్ణల్లా కాల్చే ఆటలకు ఎగబడే జనానికి, ఒక మనిషికి మందు తేవడానికి అంత దూరం నడవడంలో ఉన్న రుచి ఏం తెలుస్తుందంటాడు.

వాళ్ళది మంగంపేట ముగ్గురాయి గనుల పక్క ఊరు. గనిలో పేల్చినప్పుడల్లా ఇల్లు అదిరేది. అందుకని జయపాల్ తన కంప్యూటర్ కింద మడతపెట్టిన బొంత వేసి పెట్టాడు. ఆ బొంత మీది పెట్టె ముందు ఇద్దరూ సెలవులన్నీ గడిపేశారు. ఆటలోది ఏ దేశమో వాళ్ళకు తెలియదు, అక్కర్లేదు కూడా. అందులోని కొండ వాళ్ళకు పాలకొండ, వాగు చెయ్యేరు, పెట్రోలు బంకు కోడూరు బంకు. లేచి తిరిగే శవాలు పీనుగులు. కంచె లోపలి మనుషులకు తమ చర్చివాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. జయపాల్ తన పేరు పెట్టుకున్న మనిషికి క్రిస్మస్‌కు తను కుట్టించుకున్నటువంటి ఎర్ర చొక్కానే తొడిగాడు.

ఆ ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. వెనక్కి వెళ్ళి మళ్ళీ బతికించుకునే వీల్లేదు. బయట పడిపోయినవాణ్ణి లోపలికి తెచ్చి పూడ్చకపోతే నాలుగు రోజుల్లో వాడూ పీనుగై లేస్తాడు. పూడ్చమనేవరకే ఆట చెప్పింది. రాయి పెట్టమని చెప్పలేదు. అది వీళ్ళ ఆచారం. సమాధుల పండుగకు ఊళ్ళో తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టినట్టే, ఆటలో పోయిన ప్రతివాడికీ ఒక తెల్లరాయి పెట్టి దాని మీద పేరు రాసేవాళ్ళు. మొదటి రాయి సంఘపెద్ద లాజరు గారి పేరు పెట్టిన మనిషిది. ఆ కబురు ఎలా చేరిందో ఆయనకు చేరింది. ఆరాధన అయ్యాక జయపాల్ చెయ్యి చాపితే అందుకోకుండా, "పూడ్చినోడితో నీకు మాటలేందిరా" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. దాన్ని తలుచుకుని ఇద్దరూ ఎన్నాళ్ళు నవ్వుకున్నారో. వసంతకుమార్ బతుకులో అంత హాయి మళ్ళీ రాలేదు.

తర్వాత జయపాల్ డ్రైవరు పనికి కువైట్ పోయాడు. పోయేముందు కంప్యూటర్‌ను బొంతతో సహా తెచ్చి వసంతకుమార్ ఇంట్లో పెట్టాడు.

"బావా, నేనొచ్చేదాకా నా మనిషిని బతికించి పెట్టప్పా. వచ్చినాక ఇద్దరం పాలకొండ దాటి అవతల ఏముండాదో సూద్దాం."

మాటవరసకు అన్నాడో మనసారా అన్నాడో కానీ వసంతకుమార్ ఆ మాటను మొలకు కట్టుకున్నాడు. ఆ ఆటతో చిక్కేమిటంటే కంప్యూటర్ ఆపేసినా లోపల రోజులు నడుస్తూనే ఉంటాయి. చూడకపోతే తిండి అయిపోయి పస్తులతో పోతారు. అందుకని గనిలో టిప్పర్ తోలి వచ్చే మనిషి ప్రతి ఆదివారం ఆరాధన ముగియగానే దాని ముందు కూర్చునేవాడు. ఈలోగా జయపాల్ చెల్లెలు మహిమతో అతనికి పెళ్ళయింది. పెళ్ళయిన వారం కూడా ఆ పని మానలేదు. వంటింట్లోంచి మహిమ వేళాకోళమాడేది.

"ఏమప్పా, మా యన్నకు అన్నం పెట్టినావా?"

"పెట్టినాలే."

ఒక వేసవిలో కంచె లోపల జ్వరాలు వచ్చాయి. ఎర్ర చొక్కా జయపాల్ పడ్డాడు, వసంత్ అని పేరున్న మనిషీ పడ్డాడు. ఉన్న మందు ఒక్కరికే సరిపోతుంది. వసంతకుమార్ ఆలోచించనైనా లేదు. మందు జయపాల్‌కు పోసి, తన పేరు తనే తెల్లరాయి మీద రాసుకున్నాడు.

ఆరేళ్ళకు గానీ జయపాల్‌కు సెలవు దొరకలేదు. వచ్చి చాలా రోజులైనా ఆట ఊసెత్తలేదు. బంధువుల ఇళ్ళూ విందులూ అయ్యాక ఎత్తుతాడులే అని వసంతకుమార్ సర్దిచెప్పుకున్నాడు. ఒక ఆదివారం మహిమ పులావు చేసి అన్నను భోజనానికి పిలిచింది. వసంతకుమార్ పొద్దున్నే పెట్టె మీద దుమ్ము తుడిచి, బొంత దులిపి పరిచాడు. పెళ్ళిచూపులకు కూడా అంత హడావుడి పడలేదు.

"ఆ ఆటనా? ఇంగా ఉండాదా అది?" అని జయపాల్ పకపకా నవ్వాడు. ఒక చేత్తో ఫోను చూసుకుంటూనే వచ్చి కూర్చున్నాడు. తెల్లరాళ్ళ వరసలో పేరు చూసి, "నువ్వెప్పుడు పోతివి బావా?" అన్నాడు.

"మూడేండ్లాయె. ఇద్దరికీ జరమొచ్చె. మందు ఒగటే ఉండె."

"నాకు పోసినావా? పిచ్చోడివప్పా నువ్వు."

వసంతకుమార్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. జయపాల్ ఎర్ర చొక్కావాణ్ణి లేపి, ఆయుధమైనా పట్టించకుండా గేటు తెరిచి బయటికి నడిపించాడు. "బావా, బరిసె తీసుకో. కోడూరు బంకు కాడ శానామంది ఉండారు" అని వసంతకుమార్ మొత్తుకుంటూనే ఉన్నాడు. అంతలో ఫోను మోగింది. అవతల ఎవరో కువైట్ స్నేహితుడు. జయపాల్ అటు తిరిగి మాట్లాడుతుంటే బంకు దగ్గర పీనుగులు వాణ్ణి చుట్టుముట్టి కింద పడేశాయి. మాటలయ్యాక అతను తల తిప్పి చూశాడు.

"పొయ్యిండాడే. పోతే పోనీలేప్పా, మళ్ళా మొదులుపెడ్తే సరి. మహిమా, పులావు అయిందా?"

అతను లేచి వెళ్ళి తిన్నాడు. నాలుగు రోజుల్లోపు ఎవరినైనా పంపి శవాన్ని లోపలికి తెప్పించుకోవచ్చు. వసంతకుమార్ ఎవరినీ పంపలేదు. వాడికోసం ఇంకొకణ్ణి చావుకు పంపే మనసు రాలేదు. ఆరేళ్ళలో మొదటిసారి అతనికి బావ మీద అసహ్యం వేసింది. అలా వేసినందుకు తన మీద తనకే ఏడుపొచ్చింది.

తర్వాతి ఆదివారం జయపాల్ సూట్‌కేసుతో వచ్చాడు, పోయొస్తానని చెప్పడానికి. వసంతకుమార్ అలవాటు కొద్దీ మిగిలినవాళ్ళకు తిండి పంచుతున్నాడు. ఎర్ర చొక్కా తొడుక్కున్న పీనుగు గేటును పట్టుకుని ఊపుతోంది. మొహం సగం పోయింది గానీ చొక్కా అదే. జయపాల్ అతని భుజం మీద చెయ్యేసి వంగి చూశాడు. ఇప్పుడైనా గుర్తుపడతాడని వసంతకుమార్ కొంచెం పక్కకు జరిగాడు.

"ఎవడప్పా వాడు గేటు కాడ? కాల్సెయ్ బావా."

"కాలుస్తాలే. నీకు బస్సు టైమయితాంది."

మళ్ళీ వచ్చినప్పుడు తప్పకుండా ఆడదామని చెప్పి జయపాల్ వెళ్ళిపోయాడు. అన్నను వీధి చివరిదాకా సాగనంపి మహిమ కళ్ళొత్తుకుంటూ లోపలికి వచ్చింది. వసంతకుమార్ పెట్టె ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. ఎర్ర చొక్కావాడు ఇంకా గేటు ఊపుతూనే ఉన్నాడు.

వసంతకుమార్ కాల్చాడు. లోపలికి తెచ్చి పూడ్చాడు. రాయి మాత్రం పెట్టలేదు.