నీళ్ళు వెనక్కి తగ్గిన రోజు

పొద్దున్న ఎనిమిదింటికి బైండింగ్ షాపు షట్టరు ఎత్తేది కోడలు. ఆపాటికే మామగారు మైదా జిగురు ఉడకబెట్టి, చల్లారడానికి కిటికీలో పెట్టేవారు. నలభై ఏళ్ళు దబ్బనంతో లావుపాటి పుస్తకాలు కుట్టిన మనిషి. చూపు ఆనక కుట్టుపని కోడలికి అప్పగించి, జిగురూ సలహాలూ మాత్రం తన దగ్గర ఉంచుకున్నారు. కొడుకు రైలు గార్డు, వారానికి రెండు రోజులు కనిపిస్తే గొప్ప. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరూ, మంత్రిగారూ.

మంత్రిగారంటే పిల్లి. ఏ పనీ చెయ్యదు, ఫైళ్ళ మీద కూర్చుంటే కదలదు. అందుకే ఆ పేరు.

మామగారికి సూదిమందంటే గిట్టదు. తనకే కాదు, పిల్లికి వేయించినా గిట్టదు.

"గడప దాటని పిల్లికి రేబిస్ టీకా ఏమిటమ్మా? అది కుక్కలకొచ్చే జబ్బు."

"పిల్లులకీ వస్తుంది మామయ్యా. ఇది గడప దాటకపోతే, ఇంకోటి దాటి లోపలికి రావచ్చుగా?"

ఆ మంగళవారం అలాగే ఒకటి వచ్చింది. వీధిపిల్లి మనిషిని చూస్తే పారిపోవాలి. ఇది చొంగ కార్చుకుంటూ, తూలుతూ, సరాసరి వెనక వరండాలో ఆయన కాళ్ళ దగ్గరికొచ్చింది. పాపం ఆకలేమో అని ఆయన వంగేలోగా మంత్రిగారి మీద పడింది. విడదీయబోతే ఆయన చేతిలో పళ్ళు దింపి, స్టోరు గదిలోకి దూరింది. కోడలు బయట గడియ పెట్టేసి పశువుల ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"రెండు చుక్కల రక్తానికి ఇంత హడావిడా?" అంటూ ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

గ్లాసులో నీళ్ళు అవతలి అంచుకి జరిగాయి. ఆయన వంచారు. నీళ్ళు ఇంకా వెనక్కి తగ్గి, గాజుని కరుచుకుని వణికాయి.

ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఆ జబ్బు పైకి తేలితే మనిషి నీళ్ళు చూసి భయపడతాడు, అప్పుడిక మందు పనిచెయ్యదు. ఆ వీధి నీళ్ళు మనిషికంటే ముందే భయపడతాయి.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయ్," అన్నారు. కరిచిన చెయ్యి ముందుకి చాపారు.

కోడలు ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి కిందకి లాగింది. తిప్పగానే ధార పక్కకి వంగిపోయింది. ఆమెకి ఒళ్ళు మండింది.

"సిగ్గులేదూ? నలభై ఏళ్ళు మిమ్మల్ని కాచి జిగురు చేసిన మనిషి! ఆయన దగ్గరికి రావడానికి బెదురా? రండి ఇటు!"

ధార కాసేపు తటపటాయించి, బెదురుతూనే వచ్చి గాయం మీద పడింది. కోడలు గడియారం చూసుకుంటూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగింది. నీళ్ళు వణుకుతూనే ఉన్నాయిగానీ మళ్ళీ పక్కకి పోలేదు.

పెద్దాస్పత్రిలో డాక్టరు గాయం చుట్టూ మందు గుచ్చి, భుజానికి టీకా వేశాడు. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ రావాలన్నాడు.

"నేను గుచ్చిన పుస్తకాల ఉసురు తగిలింది," అన్నారు మామగారు భుజం పట్టుకుని. బయటికొచ్చాక గొంతు తగ్గించి అడిగారు. "మరి మంత్రిగారి సంగతి? టీకా లేని పిల్లిని బతకనివ్వరంటారు కదా."

"నిరుడు గోళ్ళు తీయించడానికని తీసుకెళ్ళానే, అప్పుడు టీకా వేయించాను. ఈ ఏడాదిది మీరు కసిరారని వాయిదా వేశాను. ఇప్పుడే వేయించేద్దాం."

ఆయన నడుస్తున్నవారల్లా ఆగారు. "అయితే గోళ్ళు తీయించలేదా?"

"అవీ తీశారు."

"మంచిపని చేశావమ్మా," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

వీధిపిల్లి మూడోరోజు పశువుల ఆస్పత్రిలో చచ్చిపోయింది. పరీక్షలో రేబిసేనని తేలింది. మంత్రిగారికి అదనపు టీకా పడింది, నలభై అయిదు రోజుల గృహనిర్బంధం కూడా. మామగారి గ్లాసులో నీళ్ళు సూదికొక వేలెడు చొప్పున దగ్గరికొచ్చాయి. అన్నాళ్ళూ కోడలు కసిరితేగానీ ఆయన గొంతు దిగేవి కావు. ఆఖరి సూది రోజున గ్లాసు ఎత్తగానే వాటంతటవే పెదవికి తగిలాయి. ఆయన గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఇంకో గ్లాసు అడిగారు.

మంత్రిగారు విడుదలై ఫైలెక్కిన రోజు సాయంత్రం, మామగారు బుట్ట పట్టుకుని మేడమీది సంగీతం టీచరు తలుపు తట్టారు.

"మీ పిల్లికూనకి మూడు నెలలు నిండాయటగా. టీకాకి పదండి."

"ఇది బయటికే వెళ్ళదండీ. మా గ్లాసుల్లో నీళ్ళు కూడా నిమ్మళంగానే ఉన్నాయి."

"నీళ్ళు చెప్పేదాకా ఆగకండమ్మా." ఆయన చేతిమీద పంటిగాట్లు చూపించారు. "నేనూ వస్తాను. సూది వేసేటప్పుడు కూనని నేను పట్టుకుంటాను. కాకపోతే కళ్ళు మూసుకుని."