చెవి వెనక చిక్కు

నేను ఒక దువ్వెనను, ఉక్కు దువ్వెనను. నాకు పిడి లేదు, నగిషీ లేదు, అద్దం పక్కన పెట్టుకుని మురిసిపోయేంత అందమూ లేదు. జానెడు పొడవు వెన్ను, దానికి ఒక సగం ఎడమెడంగా పళ్లు, ఇంకో సగం దగ్గర దగ్గరగా పళ్లు. నన్ను చేసింది మనుషుల తలల కోసం కాదు, కుక్కల కోసం. ఈ మాట వినగానే మీ ముఖం ఎలా మారిందో నేను చూడలేదనుకోకండి. మనుషులు కుక్కను పక్కలో పడుకోబెట్టుకుంటారు, మూతి మూతి రాసుకుంటారు, దాని దువ్వెనను మాత్రం రెండు వేళ్లతో పట్టుకుంటారు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏదో కర్మాగారంలో తెగి, అతికి, మెరుగు పెట్టించుకుని బయటపడ్డాను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. చర్మం గీరుకుపోకుండా నా పళ్ల కొసలను గుండ్రంగా అరగదీశారు. ఆ తర్వాత అట్టపెట్టెలో పడుకుని సముద్రం దాటాను. కువైట్‌లో ఒక కొట్లో కొన్నాళ్లు వేలాడాక, ఒక పెద్దింటి ఇల్లాలు నన్ను కొనుక్కుపోయింది.

ఆ ఇంట్లో లూలూ అనే తెల్లకుక్క ఉండేది. తల్లిది ఏ జాతో, తండ్రిది ఏ జాతో ఎవరికీ సరిగ్గా తెలియదు కానీ ఒంటినిండా ఉంగరాలు. ఈ ఉంగరాల బొచ్చు మాయదారిది. మామూలు కుక్కకు రాలిన వెంట్రుక చాపమీదో చీరమీదో కనబడుతుంది. ఉంగరాల కుక్కకు రాలిన వెంట్రుక కిందపడదు, పక్క ఉంగరంలో ఇరుక్కుంటుంది, దానికి ఇంకొకటి తోడవుతుంది. పైకి చూస్తే నవనవలాడుతూనే ఉంటుంది, లోపల చర్మాన్ని అంటిపెట్టుకుని గొంగళిలా అల్లుకుపోతుంది. ఇల్లాలు కొన్నాళ్లు నన్ను పైపైన ఆడించి, బాగానే ఉందనుకుంది. ఆమెకు చెయ్యి నొప్పెట్టాక నన్ను పనిమనిషికి అప్పజెప్పింది. నాకు మంచిరోజులు అప్పుడే మొదలయ్యాయి.

పనిమనిషి పేరు సువార్త. మన కోనసీమ మనిషి, రాజోలు దగ్గర పల్లె. భర్త దావీదు కొబ్బరికాయలు ఒలిచే పని చేస్తాడు. కూతురు బ్లెస్సీ. ఆ పిల్లను చిన్నప్పుడే తండ్రి దగ్గర వదిలి, ఇంటికి గట్టి కప్పు వేసుకుందామని ఇంత దూరం వచ్చింది. ఆమెకు కుక్కలను దువ్వడం ఎవరూ నేర్పలేదు, లూలూ కుయ్యిమన్నప్పుడల్లా చెయ్యి ఆపి, ఎందుకు నొప్పెట్టిందో చూసుకుని తనే నేర్చుకుంది. బొచ్చును పాయలు తీసేది. పాయ మొదట్లో వేలితో నొక్కిపట్టి, కొస నుంచి కొంచెం కొంచెంగా లోపలికి వచ్చేది. నేను ఎక్కడా ఆగకుండా జారితే ఆ పాయ అయినట్టు. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద మళ్లీ ఒకసారి వెతికేది. స్నానం ఆ తర్వాతే.

ఆ ఇంట్లో అందరితోనూ వచ్చీరాని అరబ్బీలో నెట్టుకురావాలి. ఆమె తెలుగులో మాట్లాడేది ఒక్క లూలూతోనే.

"ఇటు తిరగవే బంగారం. అయిపోయింది, అయిపోయింది. మా బ్లెస్సీకీ ఇలాగే ఉంగరాలే. తల దువ్వుతానంటే ఈదంతా పరిగెట్టించేది నన్ను. ఇప్పుడు దానికి ఎవరు దువ్వుతన్నారో ఏటో."

లూలూ పాపం అన్నిటికీ తోక ఊపేది. నాకు బ్లెస్సీ ఎవరో తెలియదు, ఎప్పుడూ చూడలేదు. కానీ పొద్దున్నే వినగా వినగా ఆ తల మీద నాకూ ఆశ పుట్టింది. కుక్కల దువ్వెనకు అంత ఆశ తగదని నాకూ తెలుసు. పుట్టింది, ఏం చెయ్యను?

సువార్త సెలవు మీద ఇంటికి బయల్దేరినప్పుడు, ఏం కావాలో అడగమంది ఇల్లాలు. సెంటు సీసా అడుగుతుందనుకుంది కాబోలు. సువార్త నన్ను ఇమ్మని అడిగింది. ఇల్లాలు పకపకా నవ్వి తీసుకోమంది. ఆ రాత్రే నన్ను సబ్బునీళ్లలో మరగబెట్టి, తుడిచి, ఎర్రటి కొత్త రిబ్బన్లో చుట్టి సంచీలో పెట్టుకుంది సువార్త. దారి పొడుగునా సంచీలో చెయ్యి పెట్టి నన్ను తడుముకుంటూనే ఉంది. ఆ రిబ్బను ఎవరి జడకో, నేను ఎవరి తలకో నాకు తెలిసిపోయింది.

ఇక్కడ ఇంటి దగ్గర జరిగింది వేరు. సువార్త లేనప్పుడు ఆ ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. ఊళ్లో డాక్టరుగారి బొచ్చుకుక్కకూ వీధికుక్కకూ పుట్టింది. ఎండిన కొబ్బరిపీచు రంగు, పీచులాగే మెలికలు. దావీదు చూడగానే దానికి పీచు అని పేరు పెట్టేశాడు. బ్లెస్సీకి అన్నం తిన్నా, నిద్రపోయినా పక్కన పీచుగాడు ఉండాల్సిందే. అమ్మ వస్తోందని తెలిసి తండ్రీకూతుళ్లు వాణ్ణి ముస్తాబు చెయ్యాలనుకున్నారు. అప్పటికే ఒంటినిండా చిక్కులు. వాటిని అలాగే ఉంచి, కాలవలోకి దింపి, బట్టల సబ్బు రాసి, కొబ్బరిపీచుతో తోమారు. ఆ ఊళ్లో గిన్నెనైనా గేదెనైనా తోమేది దాంతోనే. చిక్కు తియ్యకుండా తడిపితే ఉంగరాల బొచ్చు ముడి మీద ముడి బిగుసుకుంటుంది. అది చాలదన్నట్టు, ఒళ్లు నిగనిగలాడాలని దోసిలితో కొబ్బరినూనె పట్టించారు. కొబ్బరినూనెకు లొంగనిది ఈ లోకంలో ఏదీ లేదని ఆ సీమవాళ్ల నమ్మకం. నూనెకు దుమ్ము, దుమ్ముకు పీచుముక్కలు అంటుకున్నాయి. సువార్త వచ్చేసరికి వాడు కుక్కలా లేడు, తడిసి ఎండిన కాళ్లపట్టాలా ఉన్నాడు.

బ్లెస్సీ ఆ కుక్క వెనకే నక్కి తల్లిని చూసింది. సువార్త సంచీలోంచి రిబ్బను విప్పి నన్ను బయటికి తీసింది.

"రావే తల్లీ, తల దువ్వుతాను."

"నాకొచ్చు," అంది బ్లెస్సీ.

నిజమే, తనకు వచ్చు. జడ తనే వేసుకుంది, ఒక్క ఉంగరం కూడా బయటికి రాకుండా బిగించి. అమ్మా అని పిలవలేదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడడం ఆ పిల్లకు ఎలా వచ్చిందో గాని, ఎంత మాటనైనా అలాగే నడిపించేది. సువార్త నన్ను మళ్లీ రిబ్బన్లో చుట్టి గూట్లో పెట్టింది. నాకు దుఃఖం వచ్చింది. ఉక్కుకు దుఃఖమేమిటంటారా? తుప్పంటే మరేమిటనుకున్నారు మీరు?

నాలుగు రోజులు తిరక్కుండా పీచుగాడు కుంటడం మొదలుపెట్టాడు. ముందుకాలి చంకలో చిక్కు చర్మాన్ని లాగి, ఒరిసి, ఎర్రగా చేసింది. దావీదు కంగారుపడ్డాడు.

"మంగలిని పిలిచి మొత్తం గొరిగించేద్దాం. ఎంట్రుకలేగా, మళ్లీ వత్తాయి."

బ్లెస్సీ ఘొల్లుమంది. "గొరిగేత్తే ఈడు పీచుగాడే కాదు! వద్దు నాన్నా!"

సువార్త లేచి గూట్లోంచి నన్ను తీసుకుంది. "నేను తీత్తాను. మరీ రానిచోట కొంచెం కత్తిరిత్తాను. సరేనా?"

ఆమె చెయ్యి చాపగానే పీచుగాడు పళ్లు బయటపెట్టి గుర్రుమన్నాడు.

"ఆడికి నువ్వు కొత్త," అంది బ్లెస్సీ నేలచూపులు చూస్తూ.

సువార్తకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తర్వాత నెమ్మదిగా, "అయితే నువ్వు తల పట్టుకో," అంది.

అలా ఇద్దరూ వసారాలో కొబ్బరిబొండాల గుట్ట పక్కన, నడుమ కుక్కతో కూర్చున్నారు. రోజూ పొద్దున కాసేపు, వాడు ఓర్చుకున్నంతసేపే. శనగపిండి అద్ది నూనె పీల్పించింది సువార్త. చంకలో ముద్దను చర్మానికి తగలకుండా కత్తిరించేసింది. మిగతా ముద్దలను అడ్డంగా కొయ్యకుండా నిలువుగా చీల్చి, వేళ్లతో విడదీసి, అప్పుడు నన్ను దింపేది. బ్లెస్సీ ఒళ్లో వాడి తల. ముందు వాడు కళ్లు మూశాడు, ఆ తర్వాత ఆ పిల్ల నోరు తెరిచింది.

"ఆడికి నొప్పెట్టట్లేదా?"

"మొదలు పట్టుకుంటే పెట్టదు. లాగేది నా ఏలిని, ఆడి ఒంటిని కాదు."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"లూలూ దగ్గర. ఆ ఇంటి కుక్క."

"దానికి రోజూ దువ్వేదానివా?"

"ఊఁ."

బ్లెస్సీ కాసేపు పీచుగాడి ముక్కు నిమిరింది. "కుక్కకి రోజూ దువ్వేవన్నమాట," అంది.

సువార్త చేతిలో నేను ఆగిపోయాను.

"దాని ఒంటి మీద చెయ్యేసి నీ పేరే సెప్పుకునేదాన్నే. దానికి నోరు లేదు, ఈ దువ్వెనకీ నోరు లేదు. నువ్వు నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

సాక్షిని నేనున్నాను! ప్రతి మాటా విన్నదాన్ని నేనే. ఇన్ని పళ్లిచ్చి ఒక్క నాలుక ఇవ్వని వాణ్ణి ఆ రోజు తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు. మర్నాడు బ్లెస్సీ పిలవకుండానే వచ్చి కుక్క తల ఒళ్లో పెట్టుకుంది.

చివరికి ఒక పొద్దున నేను పీచుగాడి చెవి దగ్గర మొదలై తోకదాకా ఎక్కడా ఆగకుండా జారాను. వాడు లేచి ఒళ్లు విదిలించుకున్నాడు. ఎండలో ఆ ఉంగరాలు ఒక్కొక్కటీ విడివిడిగా ఊగాయి. దావీదు ఒలుస్తున్న కాయను వదిలేసి చూస్తూ ఉండిపోయాడు. పీచుగాడు సంబరంగా దొడ్డంతా పరుగులు పెట్టాడు. తల్లీకూతుళ్ల మధ్య చోటు ఖాళీ అయింది.

బ్లెస్సీ కాసేపు గోళ్లు గిల్లుకుంది. తర్వాత జడ తనే విప్పుకుని, తల్లి వైపు వీపు పెట్టి కూర్చుంది.

"ఉండవే, దీన్ని మరగబెట్టి తెత్తాను. కుక్కని దువ్విందీ..."

"అక్కర్లేదు. పీచుగాడికి తగిలింది నాకు తగిలితే ఏటంట?"

నేను ఆ తలలోకి దిగాను. ఎన్నాళ్లుగానో విన్న తల. బిగించిన జడ కింద, ఎడమ చెవి వెనక, ఎవరికీ కనబడకుండా ఒక గట్టి చిక్కు దాక్కుని ఉంది. సువార్త దాని మొదలు వేలితో పట్టుకుని, కొస నుంచి మొదలుపెట్టింది. ఆమె కన్నీళ్లు నా వెన్ను మీద పడుతున్నాయి, చెయ్యి మాత్రం తడబడలేదు.

"లాగకే అమ్మా," అంది బ్లెస్సీ.

అసలు లాగలేదు. ఆ మాట నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

సెలవు ఎంతో ఉండదు కదా. సువార్త మళ్లీ వెళ్లిపోయింది, నన్ను మాత్రం తీసుకెళ్లలేదు. ఇప్పుడు నేను బ్లెస్సీ చేతిలో ఉన్నాను. ముందు పీచుగాడి వంతు. పాయలు తీసి, మొదలు పట్టి, వాళ్ల అమ్మ చేసినట్టే చేస్తుంది. వాణ్ణి తడి ఆరకుండా పడుకోనివ్వదు, నూనె సీసాను వాడి దరిదాపులకు రానివ్వదు. దావీదు ఆ సీసా పట్టుకుని అటు నడిచినా కసురుకుంటుంది. ఆ తర్వాత నన్ను కడిగి తన తల దువ్వుకుంటుంది.

మొన్న ఫోన్లో సువార్త కనబడింది. పీచుగాడి చెవులెత్తి, కాళ్లెత్తి, ఎక్కడా చిక్కు లేదని చూపించింది బ్లెస్సీ. సువార్త మురిసిపోయింది. అంతలో కూతురు తల తిప్పినప్పుడు ఆమె కంట్లో పడింది.

"అదేటే, నీ చెవెనకాల అంత చిక్కు? ముందే తీసుకోవచ్చుగా! దువ్వెన నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది."

"మరి?"

"ఇది నువ్వొచ్చి తియ్యి."

అవతల సువార్త కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

రోజూ నేను ఆ తలంతా తిరుగుతాను. ఎడమ చెవి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల నన్ను పక్కకు తప్పిస్తుంది. నేను తియ్యలేని చిక్కు కాదది. కానీ నేనూ పక్కకే జరుగుతాను.