పసుపుగెడ్డ తడి

మగ్దలేనమ్మ రోజూ పొద్దున్న ఏడింటికల్లా మిషన్ హాస్టల్లో వంటకి బయల్దేరేది. స్టేషన్ రోడ్డు మీద టెలిఫోన్ బూతు దగ్గరికి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. అక్కణ్ణించి ఓ ఇరవై అడుగుల దాకా ఆమె పాదాలు తడుస్తాయి. తడికాళ్లకి చెప్పులుంటే జారి పడతానని ఆమె భయం. ఆ ఇరవై అడుగులూ దాటాక పాదాలు కొంగుతో తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, ఇవాళ పప్పులోకి ఏం వెయ్యాలా అని ఆలోచించుకుంటూ వెళ్లిపోయేది.

అరకులో ఇది ఎవరికీ వింత కాదు. రోడ్డు కింద పసుపుగెడ్డ అనే వాగు ఉంది. ఒకప్పుడు పైనే ఉండేది. కొండ దిగి సంత పక్కగా పారేది, ఆడవాళ్లు అందులో పసుపుకొమ్ములు కడిగేవారు. తొంభై నాలుగులో సంతకి చోటు చాలడం లేదని గెడ్డ మీద సిమెంటు పలకలు పరిచారు. పలకల మీద రోడ్డు వచ్చింది, రోడ్డుకి రెండు పక్కలా కొట్లు వచ్చాయి, కొట్ల మురుగంతా గెడ్డలోకి వచ్చింది. కొత్తవాళ్లు దాన్ని డ్రైనేజీ అన్నారు. ఎవరేమన్నా గెడ్డ మాత్రం తన అలవాటు మానుకోలేదు. పేరు పిలిపించుకుని తనలో మునిగినవాళ్లెవరైనా పైన నడిస్తే గుర్తుపట్టి పాదాలు తడిపేది.

అలా మునిగినవాళ్లంటే ఎక్కువమంది బాప్టిస్టు సంఘంవాళ్లే. గెడ్డ మలుపులో ఒక చదును బండ ఉండేది. పాస్టరు గారు దాని మీద నిలబెట్టి, పేరు పిలిచి, నిలువునా ముంచి లేపి బాప్తిస్మం ఇచ్చేవారు. మగ్దలేనమ్మ కోడలు క్యాథరిన్ ఆర్.సి.ఎం., అంటే క్యాథలిక్ పిల్ల. వాళ్ల ఫాదర్ అదే గెడ్డ నీళ్లు గిన్నెలో తెప్పించి నుదుటి మీద పోసేవారు. అందుకని క్యాథరిన్‌కి బూతు దగ్గర నుదురు మాత్రం తడుస్తుంది.

“మీవోళ్లు నీళ్లకాడ కూడా పిసినారులేనే,” అనేది అత్త.

“మాకు సెప్పులు ఇప్పే పనుండదు కదత్తా,” అనేది కోడలు.

పలకలు పడి, చుట్టూ నేల చదునయ్యాక ఆ మలుపు ఎక్కడుండేదో పాతవాళ్లకి కూడా ఆనవాలు చిక్కలేదు. ఆ నీళ్లలో మళ్లీ ఎవర్నీ ముంచలేదు. మురుగులో మనిషిని ముంచడానికి ఏ సంఘమైనా ఎందుకు ఒప్పుకుంటుంది? చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టించుకున్నారు. ఆ తొట్టికి గుర్తూ లేదు, పాడూ లేదు.

ఆ ఊళ్లో గెడ్డతో ఇంకా మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు, మగ్దలేనమ్మ కొడుకు ఎజ్రా. పంచాయతీలో డ్రైనేజీ పని. హోటళ్లవాళ్లు వదిలిన ప్లాస్టిక్ సంచులు అడ్డుపడినప్పుడల్లా నడుముకి తాడు కట్టుకుని కిందికి దిగేవాడు. దిగేముందు ఇనపమూత మీద చెయ్యి ఆనించి, “వత్తన్నానే, కొంచెం సూసుకో,” అని చెప్పేవాడు. చేతికి తొడుగూ కాలికి బూటూ ఇవ్వని ఆఫీసుకి చెప్పుకోవడం కన్నా గెడ్డకి చెప్పుకోవడమే నయమని అతని లెక్క. ఆ లెక్క తప్పని నేనూ అనలేను.

బూతుకి ఎదురు వరసలో వరహాలరావు కిరాణా కొట్టు. తొంభై అయిదులో ఎస్.కోట నుంచి భార్య యర్రమ్మతో వచ్చి పెట్టుకున్నాడు. ముందు కొట్టు, వెనక గోడౌను. మర్యాదస్తుడని ఊరంతా పేరు. మగ్దలేనమ్మలాంటి పాతవాళ్లు ఎవరొచ్చినా మెట్ల దగ్గరే స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు. “మీరు లోపలికి రావడం ఎందుకమ్మా, నేను తేనా?” అని చింతపండూ, కొండచీపుళ్లూ తనే మోసుకొచ్చి చూపించేవాడు. చర్చివాళ్లని గడప తొక్కనివ్వడం లేదని మొదట్లో కొందరు గొణిగారు. అయితే స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, పిల్లలకి బెల్లంముక్క పెట్టేవాణ్ణి ఎంతకాలం అనుమానిస్తారు? తొమ్మిదేళ్లలో ఆ గొణుగుడు పోయింది.

అసలు సంగతి వరహాలరావుకీ యర్రమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. కొట్టు తెరిచిన వారానికే మగ్దలేనమ్మ చీపుళ్లు ఏరుకోడానికి గోడౌన్లోకి వెళ్లింది. ఆమె వెళ్లిపోయాక చూస్తే ఎర్రటి గచ్చు మీద తడి అడుగులు. పలకలు పరిచినవాళ్లు కాగితాల్లో గెడ్డని తిన్నగా గీశారు. గెడ్డేమో బూతు దాటగానే రోడ్డు కింద మెలిక తిరిగి, సరిగ్గా అతని గోడౌను కిందికి వచ్చింది. ఈ సంగతి బయటపడితే గెడ్డ మీద కట్టావని కూలగొట్టేస్తారు. ఉన్నదంతా పెట్టి కట్టుకున్న గోడౌను. వరహాలరావు ఆ రోజు గచ్చు తుడిచాడు. అప్పట్నించీ స్టూలు మెట్ల మీదికి వచ్చింది.

రెండువేల నాలుగు జులైలో ఒక పొద్దున ఎజ్రా బస్సుల కాంప్లెక్సు దగ్గర గెడ్డలోకి దిగాడు. ఊళ్లో చిన్న తుంపర. పైన కొండల్లో ఎంత కురిసిందో ఎవరూ చూడలేదు. పది నిమిషాల్లో కింద నీళ్లు ఒక్కసారిగా హోరెత్తాయి. పైన తాడు పట్టుకున్న పోలయ్య లాగితే తెగిన కొస వచ్చింది.

స్టేషన్ వెనక గెడ్డ బయటపడే చోటికి నలుగురు పరిగెత్తారు. అక్కడి ఇనపచువ్వల్లోంచి సంచులూ కొమ్మలూ వచ్చాయి గానీ మనిషి రాలేదు. అంటే ఎజ్రా మధ్యలో ఎక్కడో చిక్కుకున్నాడు. కిందికి దిగుదామంటే ఉద్ధృతి. రోడ్డు పగలగొడదామంటే ఎక్కడని పగలగొడతారు? కాగితం చూసి చెబుతానని ఇంజినీరు గారు ఫోన్లో అన్నారు.

మగ్దలేనమ్మ హాస్టల్ నుంచి అట్లకాడతోనే వచ్చేసింది. క్యాథరిన్ అప్పటికే రోడ్డు మధ్య నుంచుని ఏడుస్తోంది.

“ఏడిత్తే ఏటవుద్ది? నడు,” అంది మగ్దలేనమ్మ. “గెడ్డ ఎటెల్లిందో నా కాళ్లే సెబుతాయి.”

అయితే తుంపరకి రోడ్డంతా తడిగా ఉంది. ఏ తడి వానదో, ఏ తడి గెడ్డదో తేలడం లేదు. పొడినేల కావాలి. ఇద్దరూ బూతులోకి వెళ్లారు. బూతు నడిపే ఉమామహేశ్వరి కుర్చీ పక్కకి లాగేసింది. మగ్దలేనమ్మ కాళ్లు తుడుచుకుని నడిస్తే తడి అడుగులు పడ్డాయి. గెడ్డ తిన్నగానే పోతుందని అందరి నమ్మకం గనక ఆ వరసలోనే పక్కనున్న ఫొటో స్టూడియోలోకి వెళ్లారు. అడుగులు పొడి. దాని పక్కన టీకొట్టు. అక్కడా పొడే. మళ్లీ బూతుకి వచ్చారు.

“ఇక్కడిదాకా ఉంది, ఇక్కణ్ణించి నేదు,” అంది మగ్దలేనమ్మ. “ఎటెల్లిపోనావే తల్లీ?”

ఎదురుగా వరహాలరావు కొట్టు మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. నోరు తెరిస్తే గోడౌను పోతుంది. తెరవకపోతే మనిషి పోతాడు. ఇంత చిన్న లెక్కకి తనకి ఇంతసేపు ఎందుకు పట్టిందో తర్వాత అతనికే అర్థం కాలేదు. వెనకనించి యర్రమ్మ అతని భుజం మీద చెయ్యేసింది. “సెప్పీ,” అంది.

అతను రోడ్డు దాటి వచ్చి మగ్దలేనమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

“లోపలికి రా అమ్మా. మా గోడౌన్లోకి. మెలిక అక్కడుంది.”

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తొమ్మిదేళ్ల స్టూలు ఆమెకి ఆ క్షణంలో అర్థమైంది. చెప్పులు మెట్ల దగ్గర వదిలేసి లోపలికి నడిచింది.

గోడౌను గచ్చు మీద అడుగు వెనక అడుగు తడిగా పడుతూ పోయాయి. ఉప్పు బస్తాల మూలకి వచ్చేసరికి ఆమె పాదాల చుట్టూ నీళ్లు మడుగు కట్టాయి. క్యాథరిన్ నుదుటి మీంచి నీళ్లు ముక్కు దాకా కారుతున్నాయి. వరహాలరావు బస్తాలు పక్కకి విసిరేశాడు. మగ్దలేనమ్మ మోకాళ్ల మీద కూలబడి అట్లకాడతో గచ్చు మీద మూడుసార్లు కొట్టింది. కాసేపటికి కింద నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

తను దగ్గరుండి దిట్టంగా పోయించిన గచ్చుని వరహాలరావు తనే గునపంతో పగలగొట్టాడు. వాళ్ల వెనకే వచ్చిన పోలయ్య సమ్మెట పట్టాడు. కంత పడ్డాక కిందికి చూస్తే ఎజ్రా. పాత బాప్తిస్మం బండ ఇంకా అక్కడే ఉంది. దాని మీద నిలబడి, గడ్డం దాకా నీళ్లలో, ఒంటిచేత్తో గోడరాయి పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి విరిగి వేలాడుతోంది.

“బేగి లాగండి, నీరు పెరుగుతంది,” అన్నాడు నీరసంగా.

తాడు వేస్తే ఒంటిచేత్తో కట్టుకోలేకపోయాడు. బస్తాలు మోసిన ఒళ్లు గనక వరహాలరావే నడుముకి తాడు బిగించుకుని కంతలోకి దిగాడు. ఎజ్రాని చంకల కింద పట్టుకున్నాడు గానీ బండ పాచి పట్టి ఉంది. వరహాలరావు కాలు జారింది. తల మునిగిపోయింది.

తొమ్మిదేళ్లుగా అతన్ని బాబూ అని తప్ప మరోలా పిలవని మగ్దలేనమ్మ కంతలోకి వంగి గట్టిగా అరిచింది.

“వరహాలరావూ!”

పైన నలుగురూ తాడు లాగారు. అతను ఉక్కిరిబిక్కిరవుతూ పైకి తేలాడు. ఎజ్రాని మాత్రం వదల్లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గచ్చు మీదికి వచ్చి పడ్డారు. క్యాథరిన్ మొగుడి మొహం తుడుస్తూ నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వు ఎలా ఆపాలో తెలీక అత్తని పట్టుకుంది. మగ్దలేనమ్మ గోడకి చేరగిలబడి, “బతికినావురా,” అని ఊరికే అంటూ కూర్చుంది.

తర్వాత అనుకున్నట్టే అధికారులు టేపులు పట్టుకుని వచ్చారు. గోడౌనులో సగం పడగొట్టాలన్నారు. రేకులు వరహాలరావే విప్పించాడు. కంత మీద ఇనప చట్రం పెట్టారు. కేసు పెడతారని కొందరన్నారు గానీ పెట్టలేదు. గెడ్డ అంచు ఇంకా కిందనే ఉన్న ఆ మిగిలిన సగం గోడౌన్లో, రేకులు విప్పిన మధ్యాహ్నం వరహాలరావు బస్తా మీద తలపెట్టి గురకపెట్టి నిద్రపోయాడు. ఆ ఊరొచ్చాక మొగుడు అలా నిద్రపోవడం యర్రమ్మ చూడలేదు.

ఎజ్రా చేతి కట్టు ఇంకా విప్పని రోజుల్లో ఒక పొద్దున్న వరహాలరావు కొట్టు తెరిచి, వినాయకుడి పటానికి దీపం పెట్టి, బెల్లం తేవడానికి వెనక్కి వెళ్లొచ్చాడు.

“కాళ్లు తుడుసుకోకుండా తిరిగితే ఎలాగ? గచ్చంతా సూడు,” అంది యర్రమ్మ.

అతను చూశాడు. గోనెసంచీ మీద కాళ్లు తుడుచుకుని మళ్లీ వెళ్లొచ్చాడు. మళ్లీ పడ్డాయి అడుగులు. యర్రమ్మ అతని పాదాలకేసీ, మొహంకేసీ చూసి, గుడ్డ తెచ్చి తుడిచింది.

మగ్దలేనమ్మ ఎనిమిదింటికి హాస్టల్‌కి చీపుళ్లు కావాలని వచ్చి, అలవాటు ప్రకారం మెట్ల మీద స్టూలు కోసం చూసింది. స్టూలు లేదు.

“లోపలికెళ్లి ఏరుకో అమ్మా,” అన్నాడు వరహాలరావు. “నాకు పనుంది.”

ఆమె గోడౌను గుమ్మం దాకా వెళ్లి చెప్పులు విప్పబోయింది. అక్కడ అప్పటికే ఒక జత విప్పి ఉంది, వరహాలరావువి. ఆమె తన చెప్పులు వాటి పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.